చంద్రగిరి సీమ పశువుల పండుగ

కనుమనాటి మధ్యాహ్నమున చంద్రగిరి చుట్టుపట్ల ఏ పల్లెలోనైనను నిలుచుండి, “పశువుల పండుగ ఏ యూర బాగుగా జరుగును?” అని యొక ప్రశ్న వేసి చూడుడు. వేసినవాడు ప్రొద్దు గ్రుంకు వఱకు అక్కడినుండి కదలలేడు. ఆ యూరివారు తమ యూరే యందురు. అందుకు సాక్ష్యముగా తాతలనాటి ఎద్దుల పేళ్లు వరుసగా చెప్పుదురు. అంతలో ప్రక్క యూరినుండి పండుగకు వచ్చిన అల్లుడొకడు అరుగు దిగి, “మీ వీధి వెడల్పెంత, మా వీధి వెడల్పెంత? ఇంత వెడల్పు వీధిలో ఎద్దును తోలుటయు ఒక పండుగయేనా?” అని యడుగును. అత్తవారింట అల్లుడు పాటింపవలసిన మర్యాద ఆ యొక్క పూట సెలవు పుచ్చుకొనును. రంగంపేటవారు తమకు సాటి లేదందురు. పుల్లయ్యగారిపల్లెవారు నవ్వి యూరకుందురు. కొత్తశానంబట్లవారు ఆ నవ్వు కూడ తమదే యందురు.

నేనీ సీమవాడను. ఈ వివాదమున నిష్పక్షపాతముగా మాటలాడుదునని శ్రోతలకు మాట యీయజాలను; యత్నించెదను.

ముందుగా ఈ పండుగ యెట్టిదో చూడనివారికి చెప్పవలెను. తిరుపతినుండి మదనపల్లె పోవు దారిలోనున్న ఎ. రంగంపేటలో ఇది కనుమనాడు జరుగును. ఇతర గ్రామములలో కొన్నిట కనుమకు ముందు, కొన్నిట తరువాత, ఎవరి కట్టుబాటు ననుసరించి వారు దినము నిర్ణయించుకొందురు. ఉదయమే పశువులను కడిగి, కొమ్ములు చెక్కి రంగులు పూసి, వాని నడుమ నొక చెక్క పలకను బిగింతురు. పలకపై పూర్వము దేవుని పటముండెడిది. ఇప్పుడు రాజకీయ నాయకులును, సినిమా కథానాయకులును దేవునితో సమానముగా ఆ స్థానము నలంకరించుచున్నారు. పలకతోపాటు కొత్త తువ్వాళ్లు, కొందఱు డబ్బు నోట్లు కూడ కట్టుట కలదు. అటుపిమ్మట పశువులను గుంపులు గుంపులుగా ఊరి సన్నని వీధిలోనికి విడుతురు. వీధికి రెండు ప్రక్కల జనము, మిద్దెలపై జనము, చెట్లపై జనము. పడుచువాండ్రు పరుగెత్తివచ్చు ఎద్దుకు ఎదురేగి, మీదబడి, కొమ్ములనున్న పలకను లాగికొందురు. లాగికొన్నవానిదే పలక. ఎవరికిని చిక్కక పలకతోనే వీధి దాటిన ఎద్దు తన యజమానికి ఒక సంవత్సరమునకు సరిపడు గౌరవమును తెచ్చిపెట్టును.

ఇక్కడ నొక చిన్నమాట. మా సీమలో డప్పును కూడ పలక యనియే యందురు. కావున పండుగనాడు “పలక మ్రోగినది” అన్న మాటకును, “పలక పోయినది” అన్న మాటకును నడుమ, వినువాడు కొంచెము జాగరూకుడై యుండవలెను.

దీనిని పత్రికలవారు జల్లికట్టు అని వ్రాయుదురు. మా పల్లెలవారు ఒప్పుకొనరు. మధుర ప్రాంతమున జరుగు జల్లికట్టులో ‘వాడివాసల్’ అను ఇఱుకు ద్వారమునుండి ఒక్కొక్క ఎద్దునే విడుతురు. దాని మూపురమును కౌగిలించి కొంత దూరము వ్రేలాడినవాడు గెలుపొందును. ‘సల్లి’ యనగా నాణెము. పూర్వము నాణెముల మూటను కొమ్ములకు గట్టుటవలన ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. మాకడ మూపురముతో పని లేదు, ద్వారము లేదు, ఒంటరి ఎద్దు లేదు. మంద యుండును, వీధి యుండును, పలక యుండును. ఈ భేదము పైవారికి స్వల్పముగా దోచవచ్చును. మా వారికి ఇది ప్రాణముతో సమానమైన భేదము.

ఇట్టి పంతము మాకే ప్రత్యేకమని తలపరాదు. ఉత్తరమున మంచుదేశమైన కెనడాలో గడ్డకట్టిన నీటిపై ఆడు హాకీ యొకటి కలదు. 1875వ సంవత్సరము మార్చి 3వ తేదీని మాంట్రియల్ నగరమున ఒక భవనములో ఆడిన ఆటయే మొదటిదని ఆ నగరమువారందురు. కాదు, మా చెఱువు మంచుమీదనే ఇది పుట్టినదని విండ్సర్ అను చిన్న ఊరివారందురు. కింగ్‌స్టన్‌వారికిని తమ వాదము తమకు గలదు. ఆటను మేమే ముందు కనుగొంటిమి, మేమే ఎక్కువ ప్రేమింతుము అను ఈ తగవు అక్కడ తరములుగా నడచుచున్నది. మంచు చూడని చంద్రగిరి రైతు ఆ వాదములను వినినచో భాష తెలియకున్నను భావము గ్రహింపగలడు. మధురజిల్లాలో సయితము అవనియాపురము పొంగలినాడును, పాలమేడు మఱునాడును, అలంగానల్లూరు ఆ మఱునాడును జల్లికట్టు జరిపి, మూడు దినములు మూడు ఊళ్లు తమలో ఎవరు మిన్నయో చూపుకొనుచుండును.

అయితే మా తగవునకు ఊళ్ల మధ్య పంతముతోపాటు మఱియొక పొర కలదు. అది రెండు భాషల నడుమ నున్న పొర. దానిని గూర్చియే నేను కొంత విస్తరించి చెప్పదలచితిని.

ప్రాచీన తమిళ వ్యాకరణమైన తొల్కాప్పియమునకు గల పాయిరమున, తమిళము పలుకు నేలకు ఉత్తరపు టెల్ల వేంకటమని చెప్పబడినది. అనగా ఏడుకొండలే ఎల్ల. కొండకు దక్షిణమున నిలుచున్నవానికి అది ముగింపు. ఉత్తరమునుండి వచ్చినవానికి అది మొదలు. మేము ఆ ఎల్లగట్టు మీద కాపురమున్నవారము. సంగమకాలపు ‘కలిత్తొగై’లో గొల్లలు కోడెలను కౌగిలించి పట్టు క్రీడ వర్ణింపబడినది, కోడెను లొంగదీసినవానికే ఆ గొల్లపల్లె పడుచు దక్కును. తమిళులు తమ జల్లికట్టునకు వయస్సు చెప్పవలసినప్పుడు ఈ గ్రంథమునే చూపుదురు. మొహెంజొదారోలో దొరకిన ముద్రికపై ఎద్దు మనుష్యులను చిమ్ముచున్నట్లున్న బొమ్మను కూడ కొందఱు చూపుదురు గాని, ఆ ముద్రికనుండి మధురకు దారి వేయుటకు చాల సాహసము కావలెను.

మన తెలుగువారికి అట్టి గ్రంథము లేదా యని మా ఊరి బడిపంతులను ఒకప్పుడు మా తాత యడిగెను. కాటమరాజు కథ యున్నదిగదా యని ఆయన బదులు చెప్పెను. అది నిజము. పదమూడవ శతాబ్దమున గొల్లల నాయకుడైన కాటమరాజు కఱవుచేత తన మందలను నెల్లూరు సీమ పచ్చికబయళ్లకు తోలుకొని వచ్చెను. పుట్టిన కోడెదూడలను పుల్లరిగా నిచ్చునట్లు అక్కడి సిద్ధిరాజుతో ఒడంబడిక జరిగెనని కథ. పిదప ఆ పుల్లరి విషయముననే తగవు పుట్టి యుద్ధమాయెను. రాజు పక్షమున పోరాడి మడిసినవాడు ఖడ్గతిక్కన. ఆయన జ్ఞాతి యగు కవి తిక్కన, విరాటపర్వమును తెనిగించినవాడు. విరాటపర్వమనగా దక్షిణ గోగ్రహణము, ఉత్తర గోగ్రహణము. ఆవులను తోలుకొనిపోవుట, మరల్చి తెచ్చుట. ఒకే యింట ఒకడు పశువుల తగవులో ప్రాణమిచ్చెను. ఇంకొకడు పశువుల తగవును కావ్యముగా వ్రాసెను. తిక్కన ఆ పద్యములు వ్రాయునప్పుడు ఆయన మనస్సున ఏమి మెదలెనో యని నేను పలుమాఱు అనుకొనుచుందును.

ఈ కాటమరాజు మాకు కథలోనే మిగిలిపోలేదు. చిత్తూరు సీమ పల్లెలలో కనుమనాడు ఆయనకే పూజ. ఊరి వెలుపల ఒక రాతిని నిలిపి కాటమరాజని కొలుతురు. ఆ చెంత ముండ్లకంపయు చిదుగులును పోగువేసి ‘చిట్లాకుప్ప’ యందురు. సాయంకాలము పశువులన్నిటిని అక్కడికి చేర్చి, పూజ ముగిసిన పిదప కుప్పకు నిప్పు పెట్టుదురు. మంటను చూచి బెదరిన మంద ఒక్కుమ్మడి ఊరివైపు పరుగిడును. పలకల పండుగకు ఈ పరుగే బీజమని నా నమ్మకము. దీనిని ఋజువు చేయు శాసనమేదియు నా చేత లేదు. కాని మంటనుండి పరుగెత్తు మందను ఒక్కసారి చూచినవాడు, దాని కెదురుగా నిలువవలెనను కోరిక కుఱ్ఱవానికి ఎట్లు పుట్టునో తెలిసికొనగలడు. ఇంతియేకాక ఈ జిల్లా పొలములలో వీరగల్లులు నిలుచున్నవి. వానిలో పశువులను శత్రువులనుండి మరల్చి తెచ్చుచు చనిపోయినవారికై నిలిపినవి కలవు. మంద కొఱకు ప్రాణమిచ్చుట ఈ నేలకు క్రొత్త కాదు.

ఇక ఎల్లల మాట. ఇప్పుడు మనము చిత్తూరు జిల్లా, తిరుపతి జిల్లా అనుచున్నాము గాని 1911వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము చిత్తూరు జిల్లా యన్నదే లేదు. చంద్రగిరి, చిత్తూరు, పలమనేరు తాలూకాలు ఉత్తరార్కాటు జిల్లాలోనివి. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడపవి. ఉత్తరార్కాటునకు ముఖ్యపట్టణము చిత్తూరే. అనగా నేటి వేలూరు రైతును, చంద్రగిరి రైతును ఒకే కలెక్టరునకు శిస్తు గట్టినవారు. ఒకడు తమిళమున ఎద్దును అదలించెను, ఒకడు తెలుగున అదలించెను. ఎద్దునకు రెండును తెలిసెను. నేటికిని వేలూరు, తిరువణ్ణామలై, కృష్ణగిరి సీమలలో ‘ఎరుదు విడుమ్ విழా’ అని, వీధిలో ఎద్దులను పరుగెత్తించు పండుగ జరుగుచున్నది. మధుర జల్లికట్టుకంటె అది మా పండుగకే దగ్గఱి చుట్టము.

1953 అక్టోబరు 1వ తేదీని ఆంధ్రరాష్ట్ర మేర్పడునాటికి ఈ చుట్టఱికము తగవుగా మాఱెను. తిరుపతి మాది, చిత్తూరు మాది యని మ. పొ. శివజ్ఞానముగారు మొదలగు తమిళ నాయకులు ఉద్యమము నడపిరి. చెన్నపట్టణము మాది యని మనవారు నడపిరి. పటాస్కరుగారి మధ్యవర్తిత్వమున 1960 ఏప్రిల్ 1వ తేదీని తిరుత్తణి ప్రాంతము మదరాసు రాష్ట్రమునకు పోయి, సత్యవేడు ప్రాంతము మనకు వచ్చినది. 2022 ఏప్రిల్ 4వ తేదీని తిరుపతి వేఱు జిల్లా యైనప్పుడు చంద్రగిరి అందులో చేరినది. ఇన్ని గీతలు గీచిరి గదా, పశువుల పండుగ ఏ గీతకును లోబడలేదు. గీతకు ఈవల జరిగినది తెలుగువారి పండుగ యనియు, ఆవల జరిగినది తమిళుల పండుగ యనియు పేరు మాత్రము మాఱినది. “వారిని చూచి మనము నేర్చితిమి” అని యెవరైన అనిన మా ఊరి పెద్దలు, “మనలను చూచి వారు నేర్చిరి” అందురు. ఈ రెండు మాటలకును ఋజువు సమానము, అనగా శూన్యము.

న్యాయస్థానము ఈ కథలో ప్రవేశించిన పిదప ఈ గీతకు క్రొత్త బలము వచ్చినది. 2014 మే 7వ తేదీని సుప్రీముకోర్టువారు జల్లికట్టును, ఎద్దుబండ్ల పందెములను నిషేధించిరి. తోకలు మెలిపెట్టుట, కన్నులలో కారము చల్లుట, సారాయి త్రాగించుట మున్నగు క్రూరకృత్యములు తమిళనాట జరిగినవని జంతుసంక్షేమ మండలివారు కోర్టు ముందుంచిరి. 2017 జనవరిలో చెన్నై మెరీనా తీరమున యువకులు దినముల తరబడి కూర్చుండిరి. ఆ నెలలోనే తమిళనాడు ప్రభుత్వము చట్టము చేసినది. కర్ణాటకమువారు తమ కంబళ క్రీడకును, మహారాష్ట్రమువారు తమ బండ్ల పందెములకును చట్టములు చేసికొనిరి. 2023 మే 18వ తేదీని అయిదుగురు న్యాయమూర్తుల పీఠము ఈ మూడు చట్టములును చెల్లునని తీర్పు చెప్పెను.

మన రాష్ట్రము అట్టి చట్టము చేయలేదు. కావున గీత కావల ఎద్దుకు ఎదురు నిలిచినవాడు సంస్కృతిని కాపాడినవాడు. ఈవల నిలిచినవాడు నేరస్థుడు. ప్రతి సంక్రాంతికిని పోలీసువారు వచ్చి హెచ్చరించుట, ఊరివారు తలయూచుట, కనుమనాడు ఎద్దులు పరుగెత్తుట ఇక్కడి వాడుక. “ఇది జల్లికట్టు కాదు, పశువుల పండుగ” యని మావారు గట్టిగా చెప్పుటకు ఇదియు ఒక కారణమని ఒప్పుకొనవలెను. తమిళులతో పోటీలో తమది వేఱని చెప్పుకొన్న మాటయే, చట్టము ముందు తమకు కవచముగా నుపయోగించినది.

చట్టమున్నచోట సయితము అంతయు సుఖముగా లేదు. 2023 ఫిబ్రవరి 2వ తేదీని కృష్ణగిరి జిల్లాలో గోపచంద్రమను గ్రామమున, ఎద్దుల పండుగకు అనుమతి ఆలస్యమైనదని జనము బెంగుళూరు రహదారిని అడ్డగించిరి, రాళ్లు రువ్విరి. హోసూరు చుట్టునున్న ఆ సీమలో తెలుగు మాటలాడువారు వేలకొలది యున్నారు. ఎద్దును ప్రేమించుటలో మాకంటె వారే మిన్న యని ఆ దినమున వారు నిరూపించిరా? నాకు తోచదు.

ఎద్దుపై ప్రేమకు కొలత యేది యని మన తెలుగునేలలోనే ఒక్కొక్క సీమవారు ఒక్కొక్క రీతిగా చెప్పుదురు. గుంటూరు, ప్రకాశము, కర్నూలు ప్రాంతములవారు బండలాగుడు చూపుదురు. పాలపళ్లు, రెండుపళ్లు, నాలుగుపళ్లు, ఆఱుపళ్లు అని ఎద్దు నోరు తెఱచి వయస్సు నిర్ణయించి, నియమిత కాలములో పెద్దబండను ఎన్ని అడుగులు లాగినదో కొలుతురు. అక్కడ కొలత నిజముగా కొలతయే. టేపు పట్టి చూచుకొనవచ్చును. ఒంగోలు జాతి సముద్రము దాటి బ్రెజిలు దేశమున ‘నెలోర్’ అను పేరుతో కోట్లుగా పెరిగినదని వారు చెప్పినప్పుడు, మేము మాఱుపలుక లేము. ఆనాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనుండుటచేత నెల్లూరివారికి పేరును, ఒంగోలువారికి ఉక్రోషమును దక్కినవి.

మా జిల్లాకును ఒక జాతి కలదు: పుంగనూరు ఆవు. పొట్టిది, మనుష్యుని నడుము ఎత్తునకు మించదు. కొలదిపాటి మేతతో బ్రదుకును, చిక్కని పాలిచ్చును. ఎద్దు పేరు చెప్పి వేలజనము వీధిలో గుమిగూడిన ఇదే జిల్లాలో, ఈ ఆవు కనుమఱుగగు స్థితికి వచ్చినది. పలమనేరులోని పశుపరిశోధన స్థానమువారు మందను పెంచి దీనిని నిలుపుకొనుచు వచ్చిరి. ఇప్పుడు మరల ధనవంతుల యిండ్లలో ముద్దుకు పెంచుచున్నారు. పలకల పండుగకు ఇది పనికిరాదు. పొట్టి ఆవునకు పలక గట్టిన నవ్వుదురు. మేము ఏ పశువును ప్రేమించితిమి, ఏ పశువును మఱచితిమి అని ఎవరైన అడిగినచో, అల్లుడు అరుగు దిగినంత తొందరగా నేను దిగలేను.

ఇచట నా యింటి సంగతి కొంత చెప్పుటకు అనుమతి వేడెదను.

1971వ సంవత్సరపు కనుమ. నాకు తొమ్మిదేండ్లు. మా తాతకు మైలవన్నె ఎద్దొకటి యుండెను, మైలగాడని పిలిచెడివారము. ఆ యేడు దానిని ప్రక్క యూరి పండుగకు తోలుకొని పోవలెనని తాత నిశ్చయించెను. తన యూర గెలిచిన ఎద్దు పొరుగూర గెలిచినప్పుడే ఎద్దు. తెల్లవాఱుజామున తాత లేచి దానికి ఉప్పుచెక్క తినిపించెను. ఉప్పుచెక్క యనగా శ్రోతలలో కొందఱెఱుగకపోవచ్చును. మద్ది, నేరేడు, మారేడు మొదలగు చెట్ల చెక్కలను, నల్లేరు మొదలగు మూలికలను దంచి, ఉప్పు చేర్చి చేసిన మందు. సంవత్సరమున కొక్కతూరి కనుమనాడు ప్రతి పశువునకును దీనిని మ్రింగింపవలెను. ఏ పశువును ఇష్టపడి తినదు. ఒకరు కొమ్ములు పట్టవలెను, ఒకరు దవడ తెఱవవలెను, ఒకరు గొంతులోనికి త్రోయవలెను. ఇల్లాండ్రు, పిల్లలు అందఱును చేయి వేయుదురు. చూచువారెవరును ఉండరు, చప్పట్లుండవు.

పలకను తాతయే చెక్కెను. క్యాలెండరునుండి కత్తిరించిన వేంకటేశ్వరస్వామి పటమును అంటించి, అంచున బంగారు కాగితము చుట్టెను. మా అవ్వ తన పెట్టెలోని కొత్త రవికగుడ్డ తీసియిచ్చెను. మధ్యాహ్నము మైలగాడు ఆ వీధిలో ముక్కాలు భాగము పరుగెత్తెను. చివరి మలుపున ఆ యూరి పడుచువాడొకడు గోడమీదినుండి దూకి పలకను లాగికొనెను. మా పెదనాయన కొడుకు, నాకు అన్న వరుసవాడు, అడ్డము పోయెను. ఎద్దు అతనిని చూడలేదు, చూచినను ఆగలేదు. కొమ్ము తొడలో దిగెను. మూడు నెలలు మంచమున నుండి లేచినవాడు, ఆ మీదట కుంటుచునే నడచెను. కాలు పోయినదని మా యింట ఏడ్చిరి. నిజము చెప్పవలెనన్న, పలక పోయినదని అంతకంటె ఎక్కువగా ఏడ్చిరి. ఆ రాత్రి తాత సంగటి ముట్టలేదు. మలుపున గోడమీద మనిషిని ఎక్కించుట అధర్మమని మా యూరు తీర్మానించెను. మరుసటి యేడు ఆ యూరినుండి మా మేనత్తకొక సంబంధము రాగా, “పలక దొంగల ఇంటికి పిల్లనిత్తుమా?” అని తాత వచ్చినవారిని దాహమైన ఈయక పంపివేసెను. ఆ సంబంధము మంచిదే యని మా అవ్వ చనిపోవు వఱకు అనుచునే యుండెను.

చాలయేండ్లకు, తాత పోయిన పిదప, నేనొక స్నేహితుని పెండ్లికి ఆ యూరికి పోవలసి వచ్చెను. విడిది యిచ్చిన యింట గోడమీద దేవుని పటముల వరుసలో ఒక పలక వ్రేలాడుచుండెను. పటము వెలిసినది, అంచు కాగితము నల్లబడినది. రవికగుడ్డ మాత్రము గుర్తుపట్టితిని. ఆ యింటి పెద్దాయనకు అప్పటికి అఱువదేండ్లుండును. నేనెవరి మనుమడనో చెప్పగా కొంతసేపు నా ముఖమును చూచెను.

“ఆ మైలెద్దు యాడుండాదప్పా?” అని యడిగెను.

“మఱుసటి యేడే సంతలో అమ్మినాము పెద్దాయనా. ట్రాక్టరు వచ్చె.”

“అమ్మినారా!” అని ఆయన పంచతో మొగము తుడుచుకొనెను. “మీ తాత నా మీద కోపముతో మా యూరి దారినే నడవలేదు. ఆ యెద్దును మాత్రము ఒకతూరి చూడవలెనని మీ కళ్లము దాక వచ్చి, మీ తాతను చూచి తిరిగిపోతిని. నన్ను వీధి పొడుగునా ఈడ్చుకపోయినది. అట్లాంటి ఎద్దు మా యూర ఒకటి లేదు.”

మా యన్న కాలు ఎట్లున్నదని కూడ అడిగెను. చెప్పితిని. చాలసేపు మాటలాడలేదు. పెండ్లి భోజనములైన పిదప పలకను మేకునుండి తీసి, తువ్వాలులో చుట్టి, నా చేతికిచ్చెను. వద్దంటిని. వినలేదు.

ఇంటికి తెచ్చితిని. నట్టింట పెట్టుటకు అవ్వ ఒప్పుకొనలేదు. పశువుల కొట్టములో పెట్టితిమి. కొట్టమున ఇప్పుడు పశువులు లేవు. బోరు మోటారు స్టార్టరు పెట్టెయు, ఎరువు మూటలును ఉన్నవి. కనుమనాడు మా యన్న కుంటుచు వచ్చి, దానికి పసుపు పూసి పోవుచుండును.